యంత్రం చూసిన ఆటకట్టు

భిలాయి పేరు వినగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది ఉక్కు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా, నాడు మధ్యప్రదేశ్‌లోనూ 2000 సంవత్సరం నుంచి ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉన్న దుర్గ్ పట్టణం సమీపాన ఈ ఉక్కు నగరం వెలసినది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచీ పనివారు తరలివచ్చి స్థిరపడిన ఆ ఊరిలో తెలుగు కుటుంబాలు కూడ ఎన్నో ఉన్నవి. రెండు దేశాల స్నేహానికి గుర్తుగా వెలసిన మైత్రీ బాగ్ ఉద్యానం నేటికీ అక్కడ చూడవచ్చు.

ఉక్కు కరిగించే విద్యను భిలాయికి తెచ్చిన ఆ దేశానికి మరొక విద్యలోనూ సాటి లేని ప్రతిష్ఠ ఉండేది. అదే చదరంగం. 1948 నుంచి 1972 వరకు ప్రపంచ విజేత కిరీటం సోవియట్ ఆటగాళ్ళ చేయి దాటిపోలేదు. భిలాయి కొలుములు రాజుకుంటున్న ఆ దశాబ్దాలలోనే, మాస్కోలోని సైద్ధాంతిక, ప్రయోగాత్మక భౌతికశాస్త్ర సంస్థలో కొందరు గణితవేత్తలు ఒక యంత్రానికి చదరంగం నేర్పే పనిలో పడ్డారు. 1966, 67 సంవత్సరాలలో వారి ప్రోగ్రాం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ప్రోగ్రాంతో తంతివార్తల ద్వారా నాలుగు ఆటలు ఆడి, 3-1 తేడాతో నెగ్గినది. ఆ వంశంలోనే పుట్టిన ‘కైస్సా’ అనే ప్రోగ్రాం 1974లో స్టాక్‌హోమ్ నగరంలో జరిగిన మొదటి ప్రపంచ కంప్యూటర్ చదరంగ పోటీలో విజేతగా నిలిచినది.

అయితే కైస్సా పేరు చరిత్రలో చిరస్థాయిగా నిలవడానికి కారణం అది గెలిచిన ఆట కాదు, ఓడిన ఆట.

టొరంటోలో ఒక వింత ఎత్తు

1977లో కెనడాలోని టొరంటో నగరంలో రెండవ ప్రపంచ పోటీ జరిగినది. అందులో కైస్సాకు ఎదురైనది అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారి ‘డచెస్’. ఆట 34వ ఎత్తుకు వచ్చేసరికి తెల్లబలగం మంత్రి చదరంగపు మూలకు చేరి నల్లరాజుకు షా చెప్పినది. రాజును ఒక గడి పక్కకు జరిపితే సరిపోతుందని చూస్తున్న వారందరికీ అనిపించినది. కైస్సా అట్లా చేయలేదు. తన ఏనుగును తెచ్చి, ఏ అండా లేని గడిలో, తెల్లమంత్రి నోటికి అందేటట్లు అడ్డుగా నిలిపినది. తెల్లమంత్రి దానిని ఊరికే తినివేసినది.

ప్రేక్షకులలో కలకలం రేగినది. వారిలో మాజీ ప్రపంచ విజేత మిఖాయిల్ బోత్విన్నిక్ సైతం ఉన్నారు. ప్రోగ్రాంలో ఏదో లోపం ఉన్నదనీ, యంత్రానికి మతి చెడినదనీ అందరూ భావించారు. ఒక ఏనుగు ఉత్తపుణ్యానికి పోయిన తరువాత ఇక నిలబడడం కష్టం. కైస్సా ఓడిపోయినది.

ఆట ముగిసిన తరువాత నిర్మాతలు ఆ లోపం ఏమిటో కనిపెట్టాలని కూర్చున్నారు. అదే స్థితిని తిరిగి యంత్రం ముందు పెట్టి, ఈసారి రాజును పక్కకు జరిపి, తరువాత ఏమవుతుందో చూడమన్నారు. యంత్రం చూపిన జవాబు విని అందరూ నిర్ఘాంతపోయారు. రాజు పక్కకు జరిగితే, తెల్లబలగం తన మంత్రినే బలి ఇస్తుంది. నల్లరాజు ఆ మంత్రిని తినక తప్పదు. తినగానే ఐమూలగా నడిచే శకటు వచ్చి షా చెబుతుంది. ఆ తరువాత ఏనుగు చివరి వరుసలోకి దిగుతుంది. నల్లబలగం అడ్డుపెట్టినవన్నీ ఒకదాని వెంట ఒకటి కూలి, కొద్ది ఎత్తులలోనే ఆటకట్టు. హాలులో ఉన్న ఏ ఒక్కరి కంటికీ ఆ దారి కనిపించలేదు. యంత్రం దానిని చూసినది. చూసి, ప్రాణం పోవడం కన్న ఏనుగు పోవడం మేలని నిర్ణయించినది.

ఇంతకూ ఆ యంత్రం ఏమి చూసినది? ఎట్లా చూసినది?

ఒక్క దారి, అన్ని దారులు

‘ఎత్తుకు పైఎత్తు’ అనే నానుడి తెలుగువారికి కొత్త కాదు. చదరంగపు ప్రోగ్రాం ఆలోచన అంతా ఆ రెండు మాటలలో ఇమిడి ఉన్నది. ఈ ఎత్తు వేస్తే ఎదుటివాడు ఏ పైఎత్తు వేస్తాడు, దానికి మళ్ళీ జవాబు ఏమిటి అని కొమ్మలు కొమ్మలుగా విస్తరించే ఒక వృక్షాన్ని అది తన జ్ఞాపకంలో పెంచుకుంటూ పోతుంది.

ఆటకట్టును వెదికేటప్పుడు ఈ వృక్షానికి ఒక ప్రత్యేక ధర్మం ఉంటుంది. దాడి చేసేవాని వంతు వచ్చినప్పుడు ఒక్క మంచి ఎత్తు దొరికితే చాలు. మిగిలినవి ఎట్లా ఉన్నా పరవాలేదు. కాచుకునేవాని వంతు వచ్చినప్పుడు మాత్రం అతనికి ఉన్న ప్రతి ఎత్తుకూ జవాబు సిద్ధంగా ఉండాలి. ఒక్క సందు మిగిలినా రాజు తప్పించుకుంటాడు. అనగా దాడి పక్షాన ‘ఏదో ఒకటి’, రక్షణ పక్షాన ‘అన్నీ’. ఈ రెండు షరతులూ మొదటి నుంచి చివరి వరకు నెరవేరితే అది బలవంతపు ఆటకట్టు. అది ఊహ కాదు, గణితంలో సిద్ధాంతానికి రుజువు ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

ఈ వెదకులాట యంత్రాలకు మొట్టమొదట నేర్పిన చదరంగపు విద్యలలో ఒకటి. 1951 నవంబరులో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో డీట్రిష్ ప్రింట్స్ అనే శాస్త్రవేత్త ఫెరాంటి యంత్రంపై ఒక ప్రోగ్రాం నడిపారు. పూర్తి ఆట ఆడే శక్తి దానికి లేదు. రెండు ఎత్తులలో ఆటకట్టు ఎట్లా అనే సమస్యను మాత్రమే అది విప్పగలదు. అందుకు దానికి పావుగంట పట్టినది.

లెక్కల కొండ

రెండు ఎత్తుల సమస్యకు పావుగంట ఎందుకు పట్టినదో తెలుసుకోవాలంటే చిన్న లెక్క చాలు. ఆట నడిమధ్యలో ఒక్కొక్క వంతుకు సుమారు 30 ఎత్తులు సాధ్యమని అనుకుందాం. రెండు ఎత్తులలో ఆటకట్టు అంటే, దాడి, రక్షణ, మళ్ళీ దాడి, మొత్తం మూడు మెట్లు. 30ని మూడుసార్లు హెచ్చవేస్తే 27,000. మూడు ఎత్తుల సమస్యకు ఐదు మెట్లు. లెక్క 2 కోట్ల 43 లక్షలకు పెరుగుతుంది. ఐదు ఎత్తుల సమస్యకు తొమ్మిది మెట్లు. ఆ సంఖ్య సుమారు 20 లక్షల కోట్లు. 1997లో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించిన ‘డీప్ బ్లూ’ యంత్రం సెకనుకు 20 కోట్ల స్థితుల వరకు పరిశీలించగలిగేది. అంతటి యంత్రమైనా ఆ కొండను గుడ్డిగా తవ్వితే 27 గంటలు పడుతుంది. పోటీ ఆటలో ఒక ఎత్తుకు దొరికేవి నిమిషాలే.

కనుక బలం ఒక్కటే చాలదు, పొదుపు కూడ కావాలి. ఆ పొదుపుకు మూలసూత్రాన్ని సోవియట్ గణితవేత్త అలెగ్జాండర్ బ్రూడ్నో 1963లో ప్రకటించారు. అమెరికాలోనూ కొందరు విడిగా అదే సూత్రాన్ని కనుగొన్నారు. ‘ఆల్ఫా-బీటా’ అని దానికి పేరు. దాని సారం అతి సులభం. ఒక దాడిని పరీక్షిస్తున్నప్పుడు ఎదుటివానికి తప్పించుకొనే దారి ఒక్కటి కనిపించినదంటే, ఆ దాడి పనికిరాదని తేలిపోయినట్లే. మిగిలిన దారులు కూడ లెక్కించి కాలం వృథా చేయడం దేనికి? ఆ కొమ్మను అక్కడికక్కడే నరికివేసి మరొక కొమ్మకు పోవచ్చు.

మంచి ఎత్తులను ముందుగా పరీక్షించే నేర్పు ఉంటే ఈ నరకడం వల్ల కలిగే లాభం అపారం. పైన చెప్పిన తొమ్మిది మెట్ల వృక్షంలో 20 లక్షల కోట్ల కొసలకు బదులు, అన్నీ అనుకూలిస్తే, సుమారు 2 కోట్ల 51 లక్షలు చూస్తే చాలు. డీప్ బ్లూ వంటి యంత్రానికి అది సెకనులో ఎనిమిదవ వంతు పని. జవాబులో రవంత తేడా రాదు. చూడనవసరం లేనిదానిని చూడకుండా వదలడమే ఇందులోని కిటుకు.

బలవంతపు ఆటకట్టు విషయంలో మరొక సౌకర్యం ఉన్నది. రాజుకు షా చెప్పినప్పుడు ఎదుటివానికి స్వేచ్ఛ హరించుకుపోతుంది. రాజును జరపాలి, అడ్డుపెట్టాలి, లేదా షా చెప్పిన బలాన్ని తినాలి. 30 ఎత్తులు పోయి రెండో మూడో మిగులుతాయి. దాడి చేసేవానికి ప్రతిసారీ ఐదు రకాల షాలు, కాచుకునేవానికి ప్రతిసారీ రెండు జవాబులు ఉన్నాయనుకుంటే, ఐదు ఎత్తుల లోతుకు అన్నీ కలిపి చూడవలసినవి 50,000 దారులు మాత్రమే. సరియైన దాడి దొరికిన తరువాత రుజువుకు మిగిలేవి 16 దారులు. ఆ చిన్న సంఖ్యే మంత్రిని బలి ఇచ్చే సాహసానికి వెనుక ఉన్న రహస్యం. మనిషికి అది ధైర్యంగా కనిపిస్తుంది. యంత్రానికి అది ఇరుకు సందు.

దిగంతానికి ఆవల

ఇంత పొదుపు చేసినా యంత్రం ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఆగిన చోటు దాని దిగంతం. దాని ఆవల ఉన్న ప్రమాదం దానికి కనిపించదు. ఇంకా విచిత్రమేమంటే, రాబోయే నష్టాన్ని తప్పించలేనప్పుడు యంత్రం మధ్యలో అనవసరపు ఎత్తులు వేసి ఆ నష్టాన్ని దిగంతం అవతలికి నెట్టివేసి, తప్పించుకున్నానని భ్రమపడుతుంది. తలుపు చాటున దాగిన అప్పులవాడు వెళ్ళిపోయాడని సంతోషించడం వంటిది ఇది. 1973లో ఈ దోషానికి ‘దిగంత ప్రభావం’ అని పేరు పెట్టినవారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ బెర్లినర్. ఆయన స్వయంగా ఉత్తరాల ద్వారా ఆడే చదరంగంలో ప్రపంచ విజేత.

ఈ దోషానికి విరుగుడు, అన్ని కొమ్మలనూ ఒకే లోతున ఆపకుండా ఉండడం. షా చెప్పిన చోట లెక్కను ఒక మెట్టు పొడిగించాలి. బలగాలు ఒకదానినొకటి తింటున్న రణగొణ ధ్వని మధ్య ఆగరాదు. అది చల్లారే వరకు చూడాలి. ఈ మార్గంలో ఒక పెద్ద అడుగు అదే విశ్వవిద్యాలయంలో పడినది. భారతీయ మూలాలు గల థామస్ అనంతరామన్, ముర్రే క్యాంప్‌బెల్, ఫెంగ్ షుంగ్ షూ అనే ముగ్గురు యువకులు 1980లలో ఒక పద్ధతిని రూపొందించారు. ఒక స్థితిలో ఒకే ఒక్క ఎత్తు మిగిలిన అన్నిటికన్న స్పష్టంగా మేలైనదని తేలితే, అంటే ఆటగానికి మరొక గతి లేదని తేలితే, ఆ దారిని మరింత లోతుగా తవ్వాలి. గత్యంతరం లేని దారి ఎంత పొడుగైనా కొమ్మలు వేయదు. కనుక ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఈ పద్ధతితో వారు నిర్మించిన ‘డీప్ థాట్’ యంత్రం 1988లో డెన్మార్క్ గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్‌ను పోటీ ఆటలో ఓడించినది. డీప్ బ్లూకు మాతృక అదే.

ఈ కథలో తెలుగునాట పుట్టిన మహనీయుడొకరికి స్థానం ఉన్నది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డి, లోకం ఎరిగిన రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్‌లో 1979లో నెలకొల్పిన రోబోటిక్స్ సంస్థకు తొలి అధిపతి. 1988లో అమెరికా కృత్రిమ మేధా సంఘం అధ్యక్షునిగా చేసిన ప్రసంగంలో ఆయన ఆ శాస్త్రం ముందున్న మహా సవాళ్ళను ఏకరువు పెట్టారు. మాట్లాడిన మాటను వెంటనే మరొక భాషలోకి మార్చే టెలిఫోను, ప్రమాదాన్ని తానే తప్పించే కారు వాటిలో ఉన్నవి. ప్రపంచ విజేత స్థాయి చదరంగ యంత్రం కూడ ఉన్నది. తొమ్మిదేళ్ళలో చదరంగపు సవాలు తీరినది. యంత్రాలకు మాటలు వినడం నేర్పిన కృషికి పేరుపొందిన ఆయనకు 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం లభించినది.

వెనుక నుంచి ముందుకు

ముందుకు వెదకడమే గాక, వెనుకకు నడిచే విధానం కూడ ఒకటి ఉన్నది. బలగాలు బాగా తగ్గిపోయిన స్థితులలో, సాధ్యమైన ఆటకట్టులన్నిటినీ మొదట పోగుచేస్తారు. వాటికి ఒక ఎత్తు ముందున్న స్థితులు ఏవి, రెండెత్తుల ముందున్నవి ఏవి అని అడుగులో అడుగు వేసుకుంటూ వెనుకకు పోతారు. చివరకు ప్రతి స్థితికీ జవాబు పట్టికలో చేరుతుంది. ఇక ఆలోచించనవసరం లేదు. పట్టిక తెరిచి చూసుకోవడమే.

మాస్కో విశ్వవిద్యాలయంలోని ‘లమనోసొవ్’ మహాయంత్రంపై 2012లో, రాజులతో కలిపి ఏడు బలగాలు మాత్రమే మిగిలిన స్థితులకు ఇటువంటి పట్టికలు సిద్ధమయినవి. వాటిలో తేలిన ఒక స్థితిలో గెలుపు ఖాయమే. కాని ఇరుపక్షాలూ ఏ పొరపాటూ చేయకుండా ఆడితే ఆటకట్టుకు 549 ఎత్తులు పడుతుంది. ఆ ఎత్తులలో వందల కొలది ఎత్తులకు ఏ గ్రాండ్‌మాస్టరూ అర్థం చెప్పలేడు. బంటు కదలకుండా, ఏ బలమూ పోకుండా 50 ఎత్తులు గడిస్తే ఆటను సమంగా ముగించమని కోరవచ్చునని చదరంగ నియమం ఉన్నది. కనుక నిజమైన పోటీలో ఆ గెలుపు గెలుపే కాకుండా పోవచ్చు. సత్యం ఒకటి, దానిని అందుకొనే శక్తి మరొకటి అనడానికి ఇంతకన్న నిదర్శనం ఏమి కావాలి?

ఎంతవరకు నమ్మవచ్చు?

నేడు చేతిలోని ఫోనులో ఉండే ప్రోగ్రాం సైతం డీప్ బ్లూను మించి ఆడగలదు. గుడివాడలో పుట్టి 2002లో పదిహేనేళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన కోనేరు హంపి తరం నుంచి నేటి చిన్నారుల వరకు, ఆటగాళ్ళందరికీ యంత్రం నిత్య సహచరి అయినది. ఆ సహచరి చెప్పే మాటలు రెండు రకాలని గుర్తించడం అవసరం.

‘తెల్లబలగానిది పైచేయి’ అని యంత్రం చెబితే అది అంచనా. లోతు పెరిగితే ఆ అంచనా మారవచ్చు. ‘ఏడెత్తులలో ఆటకట్టు’ అని చెబితే అది వేరు. ఎదుటివాని ప్రతి జవాబునూ చూసి, ప్రతి సందునూ మూసి చెప్పిన మాట అది. అంతకన్న పొట్టి దారి మరొకటి ఉండవచ్చును గాని, చూపిన దారి మాత్రం తప్పు కాదు. ‘లేదు’ అనే మాటలో జాగ్రత్త అవసరం. వేగం కోసం కొమ్మలను తొందరపడి నరికే ప్రోగ్రాం, షా లేని ఒక నెమ్మది ఎత్తుతో మొదలయ్యే ఆటకట్టును దాటిపోవచ్చు. యంత్రానికి కనిపించలేదు కనుక లేదనడం సరికాదు.

మనిషి సంగతి చూస్తే, 2006 నవంబరులో జర్మనీలోని బాన్ నగరంలో అప్పటి ప్రపంచ విజేత వ్లదీమిర్ క్రామ్నిక్ ‘డీప్ ఫ్రిట్జ్’ ప్రోగ్రాంతో ఆడుతూ, బాగున్న స్థితిలో మంత్రిని జరిపి, ఒక్క ఎత్తులో ఆటకట్టుకు చోటిచ్చారు. కొత్తగా నేర్చుకున్న బాలుడు సైతం చూడగలిగిన ఎత్తు అది. గెలుపు దారిని దీర్ఘంగా ఆలోచించే మనసుకు కాళ్ళ ముందున్న గొయ్యి కనిపించలేదు. యంత్రానికి అలసట లేదు, ఆశ లేదు. అందుచేత ఆ పొరపాటు రాదు.

కాని ఆశ లేకపోవడం ఎల్లవేళలా మేలేనా? ఈ ప్రశ్నకు జవాబు టొరంటో ఆటలోనే ఉన్నది. కైస్సా తాను చూసిన ఆటకట్టును డచెస్ కూడ తప్పక చూస్తుందని అనుకున్నది. అటువంటి ప్రోగ్రాంలన్నిటికీ అదే మూలవిశ్వాసం: ఎదుటివాడు తనకన్న తక్కువ తెలిసినవాడని భావించరాదు. నిజానికి హాలులోని పెద్దలకే కనిపించని ఆ దారి డచెస్‌కు కనిపించి ఉండేదో లేదో చెప్పలేము. మనిషి అయితే ‘వాడికి తట్టకపోవచ్చు’ అని రాజును పక్కకు జరిపి, దేవుని మీద భారం వేసి ఉండేవాడు. బహుశా ఆట నిలిచేది కూడ. కైస్సా ఏనుగును ఇచ్చి, ఓటమిని కొంత ఆలస్యం చేసి, ఓటమినే కొనితెచ్చుకున్నది.

లెక్కలో కైస్సా తప్పు చేయలేదు. ఎదుటివాని శక్తిని అతి గౌరవంతో అంచనా కట్టినది, అంతే. ఆటకట్టు ఎక్కడ ఉన్నదో కనిపెట్టే పని నేడు యంత్రానికి పూర్తిగా అప్పగించవచ్చు. ఆ కనిపెట్టినది ఎదుట కూర్చున్నవాని కంటికి ఆనుతుందా లేదా అని తూచి, తెగించడమో తగ్గడమో నిర్ణయించుకొనే పని మాత్రం ఇంకా ఆడే మనిషిదే.